మడి నుండి మడికి

తెనాలి నుండి రేపల్లెకు పోవు రైలులో కార్తికమాసపు ఉదయమున కిటికీ ప్రక్కన చోటు దొరకుట ఒక భాగ్యము. వేమూరు దాటి భట్టిప్రోలు వచ్చువరకు ఇరువైపుల వరిచేలే. చూచువారు సాధారణముగా పైరును చూతురు. నాకు మాత్రము గట్లు కనబడును. నిలువు గట్లు, అడ్డు గట్లు, వాని నడుమ మళ్ళు. లెక్కలు చెప్పుకొని బ్రతుకువాని కంటికి అది యంతయు ఒక పెద్ద గళ్ళకాగితము. క్రిందటి కార్తికమున ఆ కాగితముమీద అక్కడక్కడ మాడిన మచ్చలు కనబడినవి. చుట్టును పచ్చని పైరు, నడుమ ఎండుగడ్డి రంగున గుండ్రని మచ్చ. ఎదుట కూర్చున్న పెద్దాయన, రేపల్లె దిగువనున్న యొక గ్రామపు రైతు, నా చూపును గమనించి, "సుడిదోమండీ. మొన్న చేటంత ఉంది. ఇవాళ చూడండి, కళ్ళమంత అయింది" అనిరి.

ఆ మచ్చ గుండ్రముగా ఎందుకు ఉండవలెను? పురుగునకు వృత్తలేఖిని తెలియదు. దానికి నాయకుడు లేడు, చేతిలో పటము లేదు. వరిదుబ్బు మొదట కూర్చుండి రసము పీల్చుట, ఆ దుబ్బు ఎండినంతనే ప్రక్క దుబ్బునకు మారుట, ఇంతే దాని విద్య. ఏ పురుగైనను తన ప్రక్కనున్న దుబ్బులను మాత్రమే ఎరుగును. ఐనను గట్టుమీద నిలిచి చూచువానికి ఒక వలయమును, అది దినదినము పెరుగుటయు కనబడును. ఆ వలయమును ఏ పురుగును గీయలేదు. ఒకటి తన ప్రక్కదానికి తగులుట, అది మరల తన ప్రక్కదానికి తగులుట, దీనినుండియే అది పుట్టినది.

ఈ సంగతిని లెక్కగా మలచిన శాస్త్రమునకు సెల్యులార్ ఆటోమేటా అని పేరు. తెలుగులో స్వయంచాలిత గళ్ళు అనవచ్చును. గడియంత్రములని కుదింపుమని ఒక మిత్రుడు సూచించెను గాని, గడియారములు బాగుచేయు విద్య అనుకొందురేమోనని మానుకొంటిని. దీనికి కావలసిన సామగ్రి స్వల్పము. మొదట గళ్ళు. పిమ్మట ఒక్కొక్క గడికి ఉండదగిన స్థితులు, అనగా పచ్చగా నుండుట, మాడుట వంటివి. తుదకు, గడి తన ఇరుగుపొరుగులను చూచి తరువాతి క్షణమున ఏ స్థితికి మారవలెనో చెప్పు ఒక సూత్రము. గళ్ళన్నిటికిని సూత్రము ఒక్కటే. అన్నియు ఒక్కసారే మారును.

ఈ శాస్త్రము పుట్టినది పొలములో కాదు. 1940 దశకమున అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో పనిచేసిన స్టానిస్లా ఉలామ్ అను పోలండు గణితజ్ఞుడు, స్ఫటికములు పెరుగు తీరును గళ్ళమీద ఆలోచించుచుండెను. ఆయన మిత్రుడైన హంగేరీ గణితజ్ఞుడు జాన్ వాన్ న్యూమన్, తనవంటి యంత్రమును తానే నిర్మింపగల యంత్రము సాధ్యమా అని తర్కించుచుండెను. ఉలామ్ సూచనపై న్యూమన్ ఆ యంత్రమును గళ్ళమీదకు దింపి, ఒక్కొక్క గడికి 29 స్థితులు కల్పించి, అది సాధ్యమే యని కాగితముమీద చూపెను. న్యూమన్ 1957లో గతించెను. ఆయన అసంపూర్ణముగా విడిచిన వ్రాతలను ఆర్థర్ బర్క్స్ పూరించి 1966లో గ్రంథముగా ప్రకటించెను.

29 స్థితులు బడిపిల్లలకు భారము. రెండు చాలునని చూపినవారు తరువాత వచ్చిరి. 1983లో స్టీఫెన్ వుల్‌ఫ్రమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు ఒకే వరుసలో గళ్ళను పేర్చి, ప్రతి గడియు నల్లనిదో తెల్లనిదో కావలెననియు, ప్రతి గడియు తన ఎడమదానిని, తన్ను, తన కుడిదానిని మాత్రమే చూడవలెననియు నియమించెను. ఇక్కడినుండి తెలుగు పండితులు నాకంటె బాగుగా చెప్పగలరు. నల్లగడిని గురువనియు తెల్లగడిని లఘువనియు భావింపుడు. మూడు గళ్ళు కలసిన రూపములు ఎన్ని? ఎనిమిది. అవి య మ త ర జ భ న స గణములే! ఎనిమిదవ తరగతి పిల్లవాడు యమాతారాజభానస యని వల్లించునప్పుడు, తనకు తెలియకయే ఈ శాస్త్రమునకు పునాది వల్లించుచున్నాడు.

ఇక సూత్రమనగా, ఏ గణము కనబడినప్పుడు నడిమి గడి గురువు కావలెనో, ఏ గణమునకు లఘువు కావలెనో చెప్పుటయే. ఎనిమిది గణములకు రెండేసి విధములు గనుక సూత్రములు మొత్తము 256. వీనికి వుల్‌ఫ్రమ్ సంఖ్యలు పెట్టిన పద్ధతి సులభము. మగణమునకు 128, తగణమునకు 64, రగణమునకు 32, భగణమునకు 16, యగణమునకు 8, జగణమునకు 4, సగణమునకు 2, నగణమునకు 1 చొప్పున విలువ కట్టి, గురువును పుట్టించు గణముల విలువలను కూడవలెను. వచ్చినదే ఆ సూత్రముయొక్క సంఖ్య.

త, భ, య, స గణములు గురువును పుట్టించునని పెట్టుకొందము. 64, 16, 8, 2 కూడినచో 90. గళ్ళ నోటుపుస్తకములో పై వరుస నడుమ ఒక్క గడిని నల్లచేసి, ఈ 90వ సూత్రము చొప్పున వరుస క్రింద వరుస నింపుకొని పొండు. వరుసకు నల్లగళ్ళు 1, 2, 2, 4, 2, 4, 4, 8 అని వచ్చును. ఒక పుట నిండునప్పటికి త్రికోణములో త్రికోణము, దానిలో మరల త్రికోణము గోపురమువలె నిలుచును. ఇంకొక వింత కూడ కలదు. పింగళుని ఛందస్సునకు పదియవ శతాబ్దిలో వ్యాఖ్య వ్రాసిన హలాయుధుడు వివరించిన మేరుప్రస్తారమును ప్రక్కన వేసి, అందలి బేసి సంఖ్యలను మాత్రము నల్లచేయుడు. అదే గోపురము వచ్చును.

ఇప్పుడు తగణమును తీసివేసి జగణమును పెట్టుడు. భ, య, జ, స: 16, 8, 4, 2 కలసి 30. మార్చినది రెండు గణముల ఫలము మాత్రమే. మరల ఒక్క నల్లగడితోనే మొదలుపెట్టుడు. ఈసారి గోపురము లేదు. నడిమి గడిని పైనుండి క్రిందికి చదివినచో గురువు, గురువు, లఘువు, గురువు, గురువు, గురువు, లఘువు, లఘువు అని సాగును. అటుపిమ్మట అది ఏ వృత్తమునకును లొంగదు. ఆ నిలువు వరుసలో ఎన్నడైనను ఒక ఆవృత్తి వచ్చునా, గురులఘువులు తుదకు సమముగా తేలునా, పై వరుసలు నింపకుండ దిగువ గడిని చెప్పగల దగ్గరిదారి కలదా అను మూడు ప్రశ్నలకు 2019లో వుల్‌ఫ్రమ్ 30,000 డాలర్ల బహుమానము ప్రకటించెను. ప్రశ్న తొమ్మిదవ తరగతి వానికి అర్థమగును. జవాబు పండితులకును కష్టసాధ్యమే. నావంటివానిని ఈ శాస్త్రము పట్టుకొన్నది ఇక్కడనే.

త, ర, య, జ, స గణములు గురువును పుట్టించు 110వ సూత్రము ఇంకను విచిత్రమైనది. తగిన విధముగా మొదటి వరుసను పేర్చినచో, ఏ కంప్యూటరు చేయగల లెక్కనైనను ఈ ఒక్క సూత్రమే చేయగలదని మాథ్యూ కుక్ నిరూపించెను. ఆ నిరూపణము 2004లో అచ్చయినది. అంతకు పూర్వమే, 1970 అక్టోబరు నెల సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ ప్రకటించిన "లైఫ్" అను ఆట ప్రపంచమంతటిని ఆకర్షించినది. దానిని కల్పించినవాడు జాన్ కాన్వే. చుట్టునున్న ఎనిమిది గళ్ళలో మూడు సజీవములైనచో ఖాళీ గడి జీవించును, రెండో మూడో తోడున్న సజీవమైన గడి నిలుచును, తక్కినవి నశించును. ఆయన 2020లో కరోనా వ్యాధితో మరణించినప్పుడు, ఆ ఆట తప్ప తన తక్కిన గణితము ఎవరికి గుర్తున్నదని బ్రతికినన్నాళ్ళు విసుగుకొనినవానికి, పత్రికలన్నియు ఆ ఆట పేరిటనే నివాళి యిచ్చినవి.

గళ్ళమీద సూత్రము పెట్టి రూపము పుట్టించుట మన వాకిళ్ళకు తెలియని విద్య కాదు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి దంపతులును, కమలా కృతివాసనును కలసి, చుక్కల ముగ్గులకు వ్యాకరణము వ్రాయవచ్చునని 1974లో ఒక పరిశోధనపత్రమున చూపిరి. వారి వ్యాకరణమును మన గళ్ళును ఒకటి కావు గాని, దగ్గరి చుట్టములు.

మడి నిండి ప్రక్క మడికి పొర్లుటకును ఒక గళ్ళలెక్క కలదు. ఇసుక కుప్పపై రేణువులు ఒక్కొక్కటిగా వేయుచున్నచో ఎప్పుడు జారిపడునను ప్రశ్నకు 1987లో బాక్, టాంగ్, వీసెన్‌ఫెల్డ్ అనువారు గళ్ళ నమూనా కట్టిరి. గడిలో నాలుగు రేణువులు చేరినచో అది నలుగురు పొరుగులకు ఒక్కొక్కటి పంచియిచ్చును. ఏ గడి ముందు పొర్లినను, ఏది వెనుక పొర్లినను, తుదకు మిగులు రూపము ఒక్కటే యని 1990లో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దీపక్ ధర్ నిరూపించెను. ఆయనకు 2022లో బోల్ట్స్‌మన్ పతకము లభించినది. కృష్ణ పశ్చిమ కాలువ నీటికి మాత్రము ఈ సిద్ధాంతము వర్తింపదు. ఎవరి మడి ముందు నిండినదన్నది ఎంతటి మాటయో రేపల్లె శివారు రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక బాపట్లకు వత్తము. అచ్చటి వ్యవసాయ కళాశాల 1945లో వెలసినది. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయిన వంగడమే బి.పి.టి. 5204, అనగా సాంబ మసూరి. ఆ మూడక్షరములు బాపట్లవే. సన్నబియ్యమునకు అది మారుపేరై, మన రాష్ట్రపు ఎల్లలు దాటి వ్యాపించినది. రుచికిని ధరకును పేరుపడిన ఆ వంగడము అగ్గితెగులునకు, బాక్టీరియా ఎండుతెగులునకు, సుడిదోమకు లొంగునది. ఎండుతెగులును తట్టుకొను సాంబ మసూరిని హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు, సి.సి.ఎం.బి.యు కలసి రూపొందింపగా 2008లో విడుదలయినది. తక్కిన బెడదలు ఉండనే ఉన్నవి. గట్టుకు గట్టు ఆనుకొని, మైళ్ళకొలది ఒకే వంగడమున్నచోట, ఒక గడిలో అంటిన అగ్గికి అడ్డేమి?

ఈ ప్రశ్నను తరగతిలో ఒక్క పిరియడులో పరీక్షింపవచ్చును. నిలువున 10, అడ్డమున 10 గళ్ళు గీయించి, 1 నుండి 100 వరకు చీటీలు వ్రాయించుడు. 70 చీటీలు తీయించి, ఆ గళ్ళకు పచ్చరంగు వేయించుడు. ఇవి తెగులునకు లొంగు రకము. మిగిలిన 30 తట్టుకొను రకము. పడమటి అంచున ఉన్న పచ్చని గళ్ళకు అగ్గి అంటింపుడు. మాడిన గడికి నాలుగు దిక్కుల ఆనుకొనిన పచ్చని గడి తరువాతి అదనున మాడవలెను. అగ్గి తూర్పు గట్టునకు చేరునా? చాలవరకు చేరును. తరువాత 50 చీటీలతో మరల ఆడింపుడు. చాలవరకు నడుమనే చచ్చిపోవును.

70కిని 50కిని నడుమ ఎక్కడనో ఒక అవధి ఉన్నదన్నమాట. ఇట్టి అవధులను గూర్చిన గణితమును 1957లో బ్రాడ్‌బెంట్, హామర్స్‌లీ అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు ప్రారంభించిరి. అంతులేని గళ్ళకాగితముపై, నాలుగు దిక్కుల పొరుగుతో, ఆ అవధి నూటికి సుమారు 59. లొంగు గళ్ళు అంతకు తగ్గినచో అగ్గి ఎంత దూరమైనను పోలేదు. మించినచో దారి దొరకును. 100 గళ్ళ చిన్న పుటలో ఈ అవధి అంత తెగగోసినట్లు కనబడదు. ఒక్కొక్కప్పుడు 50తోనే అగ్గి అవతలికి పోవును. అప్పుడు పిల్లలు మాస్టారి లెక్క తప్పినదని చప్పట్లు కొట్టుదురు. కొట్టనిచ్చి, పదిసార్లు ఆడింపుడు. పిమ్మట మూలలకు కూడ అగ్గి అంటునని సూత్రమును మార్చుడు. అవధి 59 నుండి సుమారు 41కి పడిపోవును. పొరుగనగా ఎవరన్న ఒక్క మాటతో ఇంత భేదము! కాబట్టియే, ఆ పురుగు నిజముగా ఎటు కదలునో, ఎంత దూరము కదలునో గట్టుమీద కూర్చుండి చూచినవాడు లేక, గళ్ళు గీయువాని విద్య వట్టిది.

పొలములో దీనికి సాక్ష్యమున్నదా అని అడుగుట న్యాయమే. చైనాలోని యునాన్ రాష్ట్రమున అగ్గితెగులునకు లొంగు వరిని తట్టుకొను వరితో కలిపి వేలకొలది రైతుల చేలలో నాటించి చూచిరి. 2000లో నేచర్ పత్రికలో ప్రకటించిన ఫలితము ప్రకారము, ఒంటరిగా వేసినప్పటికంటె ఆ లొంగు రకమునకు తెగులు తీవ్రత నూటికి 94 వంతులు తగ్గినది. దిగుబడి 89 వంతులు పెరిగినది. అది గాలిలో తేలు బూజు. మనది రెక్కల పురుగు. రెండింటిని ఒకే గాట కట్టరాదు. సుడిదోమకు మనవారు చెప్పు ఉపాయము వేరు: ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటను తూర్పు పడమరలుగా వదలవలెను. గాలియు వెలుతురును దుబ్బుల మొదళ్ళకు సోకుటకు, మందు చల్లుటకు అది ఏర్పాటు.

గళ్ళ విద్య నేడు ఇంకను అనేక చోట్ల వాడుకలో ఉన్నది. 1992లో జర్మనీకి చెందిన నాగెల్, ష్రెకెన్‌బర్గ్ అనువారు రహదారిని గళ్ళుగా కోసి, ఏ ప్రమాదమును లేకుండనే బండ్లు క్రిక్కిరిసి ఆగిపోవుటయు, ఆ ఆగుడు వెనుకకు ప్రాకుటయు చూపిరి. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయమున వరదనీటి వ్యాప్తిని ఇట్లే లెక్కింతురు: ప్రతి గడికి నేల ఎత్తు, నీటి లోతు, పల్లమున ఉన్న పొరుగునకు నీరు పంచుట. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ముంచి, రేపల్లె బాపట్ల తీరములమీదను విరుచుకొనిపడి, పదివేల ప్రాణములకు మించి కొనిపోయినది. ఇంత సమతలమైన నేలపై మోకాటియెత్తు గట్టు కూడ నీటి దారిని మార్చగలదు. కావున అట్టి లెక్కకు సూత్రముకంటె నేల ఎత్తుల కొలతలు సరిగా ఉండుటయే ముఖ్యము.

రైలులో నా పుస్తకము తెరచి, ఈ గళ్ళను ఆ పెద్దాయనకు చూపితిని. ఆయన శ్రద్ధగా చూచి, "మడి నుంచి మడికి నడిచొచ్చేదైతే గట్టు మీద కాపలా కాయమా అండీ? అది గాలికొచ్చి పడుద్ది" అని పుస్తకము నా చేతికి ఇచ్చివేసిరి. ఆయన మాట నిజము. సుడిదోమలో పొట్టి రెక్కలవి, పొడవు రెక్కలవి అని రెండు రూపములు కలవు. మేత సమృద్ధిగా ఉన్నంతకాలము పొట్టి రెక్కలవి పుట్టి అక్కడనే పెరుగును. క్రిక్కిరిసి, పైరు వాడుముఖము పట్టినప్పుడు పొడవు రెక్కలవి పుట్టి, గాలితో దూరదేశములకు పోవును. నా సూత్రములో గాలి లేదు.

మరుసటి వారము తరగతిలో గాలిని చేర్చితిమి. ప్రతి అదనునకు ఒక చీటీ తీసి, ఆ సంఖ్యగల గడిలో, అది ఎంత దూరమున ఉన్నను, ఒక నిప్పురవ్వ వేసితిమి. గడులన్నియు పచ్చనైన పుటలో మొదటి రవ్వయే చాలినది. 50 గళ్ళ పుటలో రవ్వలు సగము తట్టుకొను గళ్ళమీద పడి ఆరిపోయినవి. తక్కినవి తలకొక చిన్న గుంపును కాల్చి ఆగినవి. పిల్లలు సంతోషించిరి. వెనుక బల్లపై కూర్చుండు ఒక రైతు బిడ్డ మాత్రము లేచి, "రెండు రకాలు కలిసిన వడ్లు మిల్లువాళ్ళు కొంటారా మాస్టారూ?" అని అడిగినది. యునాన్‌లో రెండు రకములను వేరువేరు వరుసలలో నాటి, చేతితో కోసిరి గనుక వేరుపరుపగలిగిరని చెప్పితిని. మన చేలలో ఇప్పుడు కోతయంత్రములు దిగుచున్నవని ఆ బిడ్డయే గుర్తుచేసినది. యంత్రమునకు వీలగునట్లు ఎన్ని వరుసలకొక రకము వేసినచో అగ్గి ఆగునో చూతమని, ఆ సాయంకాలము పుస్తకములో క్రొత్త పుట గీసికొంటిమి.